ఇక్కడ పిల్లలెవరూ లేరు

నాటకశాల వెనక వీధి,
జూన్ మూడో వారం

మరదలికి,

ఫోనులో అయితే నేను రెండు మాటలు అనకముందే నువ్వు నాలుగు అంటావు. ఆ తర్వాత ఎవరో ఒకరం పెట్టేస్తాం. మొన్న ముందు పెట్టేసింది నువ్వే, గుర్తుంచుకో. అందుకే ఉత్తరం. కాగితం మీద నువ్వు అడ్డం రాలేవు.

మంచి కబురు ముందు. పాత నాటకశాల కప్పు పని మాకు వచ్చింది. కప్పంతా సున్నపు గారతో చేసిన తీగలు, ఆకులు, మొగ్గలు. మూడో వంతు రాలిపోయింది. ఒకసారి ఆట నడుస్తుండగా ఓ పువ్వు ఊడి ఒక పెద్దాయన భుజం మీద పడిందట, అప్పటినుంచి తాళం. స్థలం కొన్నవాళ్లు కార్లు నిలిపే మేడ కట్టుకుంటామన్నారు. పాత కట్టడాల సంఘం వాళ్లు కోర్టుకెక్కి గడువు తెచ్చారు. జనవరిలోగా జనం భయం లేకుండా కూర్చునేలా తెరిస్తే ఉంటుంది, లేకపోతే కూలుతుంది.

చిక్కు ఏమిటంటే ఈ పని చేతనైన వాళ్లు ఊరంతా గాలించినా లేరు. ఉన్నవాళ్లంతా అచ్చులు పోసి అంటించేవాళ్లే. సంఘం పంపిన ఆర్కిటెక్టమ్మ అచ్చులు వద్దంటోంది. పాతవాళ్లు ఎలా చేశారో అలాగే, తడి గార మీద చేత్తో చెయ్యాలట. మీ అన్నయ్య కుడిచెయ్యి ఇప్పుడు టీ గ్లాసు కూడా పట్టదు. వేదిక మీద పడక కుర్చీ వేయించుకుని పైకి చూస్తూ అరుస్తుంటాడు, "బొటనవేలు తిప్పు, తిప్పు, ఇక ఆపు" అని. పరంజా మీద నేను, గార కలిపి అందించే ఇద్దరు కూలీలు. మెడలు పట్టేశాయి, గొంతు ఆయనది పోయింది.

ఇంకో సంగతి. వేరే నోట వింటే ఇంకా మండిపడతావని నేనే చెబుతున్నాను. బడి అయ్యాక మా పిల్ల పిచ్చుక ఇక్కడికి వస్తోంది. మొదట ఊరికే చూడ్డానికి వచ్చింది. ఓ సాయంత్రం మిగిలిన ముద్ద తీసుకుని చెక్క మీద ఒక ఆకు చేసింది. నొక్కి, బొటనవేలితో ఒక్కసారి లాగింది, అంతే. మీ అన్నయ్య ఆ చెక్క ఒళ్లో పెట్టుకుని ఆకు అంచు ఎడమచేత్తో తడిమాడు. దగ్గరికెళ్లి చూస్తే కళ్ల నిండా నీళ్లు. "నా చెయ్యి దొరికిందే" అన్నాడు.

దానికి పన్నెండు నిండాయి. మీ నాన్నగారు మీ అన్నయ్యకు ఏడో ఏటే తాపీ ఇచ్చారు. ఇది చిన్నప్పుడే పట్టాల్సిన విద్య. ఇప్పుడు తిట్టు, వింటాను.

మీ వదిన

---

కార్మిక శాఖ క్వార్టర్సు,
జూన్ నెలాఖరు

వదినా,

తిట్టను. తిడితే నీకు సులువైపోతుంది.

పని వచ్చినందుకు సంతోషమే. అన్నయ్య మళ్లీ అరుస్తున్నాడంటే ఇంకా సంతోషం. నీ ఉత్తరం మాత్రం చదివినప్పటినుంచి నన్ను కూర్చోనివ్వడం లేదు. గదిలో ఈ గోడకీ ఆ గోడకీ తిరుగుతున్నాను. కింద అద్దెకుండే ఆవిడ పైకొచ్చి, "ఏమైనా పోయిందా అండీ, వెతుకుతున్నారు?" అని అడిగింది.

నా ఉద్యోగం నీకు తెలుసు. పిల్లల్ని పనుల్లోంచి తీసి బడికి పంపడం. పోయిన వారం ఒక రంగుల అద్దకం పాకలో ఇద్దరు మగపిల్లల్ని చూశాను. మోచేతుల దాకా నీలం. తండ్రి ఎదురొచ్చి ఏమన్నాడో చెప్పనా? "ఇది పని కాదమ్మా, మా విద్య. చిన్నప్పుడు పట్టకపోతే జన్మలో పట్టదు." అచ్చు నీ మాటే. నీ ఉత్తరం అతని చేత రాయించావా అనిపించింది.

నువ్వు తాపీ పట్టింది పెళ్లయ్యాక కదా, వదినా. అప్పటికి నీకు ఇరవై దాటాయి. నీకు పట్టలేదా?

నాన్న నన్ను సున్నం తొట్టి దగ్గర నిలబెట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆయన చెడ్డవాడు కాడు. నాకు కథలు చెబుతూనే కలిపించేవాడు. ఆ కథలు ఒక్కటీ గుర్తు లేవు, అరచెయ్యి మండడం గుర్తుంది. పాత ఇల్లు ఏది చూసినా జనం "ఎంత అందం" అంటారు. నాకు ముందు అరచెయ్యి మండుతుంది.

సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. పిచ్చుక పరంజా ఎక్కుతోందా? ఎంతసేపు ఉంటోంది? అలిసిపోతే ఎవరికి చెబుతుంది?

అన్నయ్యను అడిగానని చెప్పు. గొంతుకి వేడినీళ్లు తాగమను.

నీ మరదలు

---

నాటకశాల వెనక వీధి,
జూలై

మరదలికి,

ఇరవై దాటాక నేర్చుకున్నాను కాబట్టే చెబుతున్నాను. నా ఆకు చూసి ఆర్కిటెక్టమ్మ "చక్కగా వచ్చింది" అంటుంది. పిచ్చుక చేసిన ఆకైతే చెయ్యి చాపి తాకబోయి ఆగిపోతుంది. నాది ఒప్పుగా ఉంటుంది, దానిది బతికి ఉంటుంది. ఆ తేడా నాకు తెలియదనుకోకు. ఇన్నేళ్లు మీ అన్నయ్య పక్కన నిలబడి ఆ తేడాతోనే కాపురం చేశాను.

పరంజా ఎక్కుతోంది. నడుముకి తాడు ఉంటుంది, చేతులకి తొడుగులు ఇస్తాను. ఆకు దగ్గరికొచ్చేసరికి అదే తీసేస్తుంది. తొడుగుతో గార వినదట.

నీకు ఒక ఫోటో పంపుతున్నాను. ఊడబోతున్న పాత తీగను కిందికి దించి తిప్పి చూస్తే, వెనక వేళ్ల గుర్తులున్నాయి. చిన్న వేళ్లు. నా వేలు పెడితే పట్టలేదు, పిచ్చుక వేలు కూడా కొంచెం పెద్దదే. అందరం పని ఆపి చూస్తూ ఉండిపోయాం. ఆర్కిటెక్టమ్మ చాలా ఫోటోలు తీసుకుంది. ఊరంతా కాపాడండి కాపాడండి అంటున్న ఈ కప్పు చేసింది పిల్లలే, అమ్మాయ్. ఇప్పుడు దాన్ని నిలబెట్టడానికి ఒక పిల్ల చెయ్యి వేస్తే నేరమా?

మా పక్కింటి కుర్రాణ్ణి వాళ్ల నాన్న చీకటితోనే లేపి ఈతకొలనుకి తీసుకెళ్తాడు. బడికి ముందు ఈత, బడి అయ్యాక ఈత. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. వీధి వీధంతా వాడికి చప్పట్లు కొడుతుంది. నీ శాఖ వాళ్లు ఆ కొలను దగ్గరికి ఎప్పుడైనా వెళ్లారా? చేతికి మట్టి అంటితేనే మీకు కూలీ కనిపిస్తుందా?

మా పిల్ల సంతోషంగా ఉంది. పొద్దున తడి గార మీద మొదటి ఆకు పెట్టేది అదే. "పిచ్చుక వాలింది, ఇక మొదలెట్టండి" అంటారు కూలీలు. నువ్వు వచ్చి చూస్తే ఈ మాటలు అనవు.

మీ వదిన

---

కార్మిక శాఖ క్వార్టర్సు,
ఆగస్టు

వదినా,

పొద్దున. నీ అక్షరాలే. పొద్దున మొదటి ఆకు పెట్టేది అదే అన్నావు. జూన్‌లో బడి అయ్యాక వస్తోందన్నావు. పొద్దున పరంజా మీదుంటే బడిలో ఎవరున్నట్టు?

ఫోటో బల్ల మీద పెట్టుకుని చాలాసార్లు చూశాను. ఏడేళ్లో ఎనిమిదేళ్లో ఉంటాయి ఆ చేతికి. నువ్వు అందులో విద్య చూశావు. నేను చూసింది వేరు. సాయంత్రం ఆ చెయ్యి ఎవరైనా కడిగారా, దాని మంటకి ఎవరైనా ఏదైనా రాశారా అని ఆలోచించాను. కప్పు మిగిలింది కాబట్టి అందరం కప్పుని చూస్తాం. ఆ పిల్లకో పిల్లాడికో తర్వాత ఏమైందో రాసిన గోడ ఎక్కడా లేదు.

ఈత కుర్రాడి మాట నిజం. నన్ను రెండు రోజులు వేధించింది. జవాబు పూర్తిగా దొరకలేదు, దొరికినంత చెబుతాను. వాడు నీళ్లలోంచి బయటికి వచ్చేస్తే కొలను కూలిపోదు. పిచ్చుక "ఈ రోజు రాను" అంటే మీ నాటకశాల ఏమవుతుంది? ఆ మాట అది అనగలదా? వాళ్ల నాన్న కళ్లలో నీళ్లు చూశాక అనగలదా? ఒక్కసారి అడిగి చూడు. అడిగేటప్పుడు కప్పు వంక చూడకుండా అడుగు.

ఇంకొకటి. ఇది నేను చెప్పకూడదు. వచ్చే నెల మీ ఊళ్లో కట్టడం పనులన్నిటికీ తనిఖీ ఉంది. నాటకశాల కూడా ఉంది. వెళ్లేది వేరే జట్టు, నేను కాదు. పిల్లను పనిలోంచి తీసేసి బడికి పంపుతావని, గొడవ లేకుండా పోతుందని చెబుతున్నాను. రాసి, చింపి, మళ్లీ రాశాను.

నీ మరదలు

---

నాటకశాల వెనక వీధి,
సెప్టెంబరు

మరదలికి,

తనిఖీ అయిపోయింది. ముగ్గురొచ్చారు, మంచివాళ్లు. మీ అన్నయ్య వాళ్లకి కప్పు చరిత్ర అంతా చెప్పాడు, పాపం కదలనివ్వలేదు. ఏ ఇబ్బందీ లేదు. పిచ్చుక బాగుంది, కొంచెం జలుబు.

ఇక్కడ పని ముమ్మరంగా ఉంది, తీరిగ్గా తర్వాత రాస్తాను.

మీ వదిన

---

ఇంటి నుంచి,
సెప్టెంబరు నెలాఖరు

అత్తకు,

నేను పిచ్చుకను. నేను రాస్తున్నట్టు అమ్మకి తెలీదు. తెలిసినా ఫర్వాలేదు.

తనిఖీ వాళ్లు వచ్చిన రోజు నేను కప్పు పైన ఉన్నాను. కప్పు మీద కాదు, కప్పుకీ పైరేకులకీ మధ్య. అక్కడ అటకలాగా ఉంటుంది, కూర్చోడానికి రాదు, పడుకోవాలి. వీధిలో జీపు ఆగగానే అమ్మ నన్ను పైకి ఎక్కించి చెక్క మూసేసింది. "కొంచెంసేపే, బంగారం, దగ్గకు" అంది.

వాళ్లు తొందరగా వెళ్తారనుకున్నాను. నాన్న వాళ్లకి అన్నీ చెబుతూ ఉన్నాడు. టీలు కూడా తాగారు, గ్లాసుల చప్పుడు వినిపించింది. ఎండకి రేకులు బాగా కాలాయి. ముక్కులో సున్నపు దుమ్ము పోయింది. దగ్గు వస్తుంటే గౌను నోట్లో కుక్కుకున్నాను. తర్వాత ఒంటేలు ఆగలేదు అత్తా. ఇది ఎవరికీ చెప్పకు.

కింద ఒకాయన, "పిల్లలు ఎవరైనా పని చేస్తున్నారా అమ్మా?" అని అడిగాడు. అమ్మ, "ఇక్కడ పిల్లలెవరూ లేరండీ" అంది. ఆయన, "ఈ ఆకులు ఎవరు చేశారు, భలే ఉన్నాయే" అన్నాడు. అమ్మ, "నేనే" అంది.

నాకు ఆకులు చెయ్యడం ఇష్టం. నిజంగా ఇష్టం. బడి కూడా ఇష్టమే, కానీ జూలై నుంచి వెళ్లలేదు. టీచరు ఇంటికొస్తే నాకు జ్వరమని చెప్పారు. నాన్న చెయ్యి బాగోలేదు కదా, అందుకని నేను వెళ్తానని అడగలేదు.

భయం వెయ్యలేదు నాకు. కానీ అమ్మ అంత బాగా ఎలా చెప్పింది అత్తా, నేను లేనని? గొంతు కూడా మారలేదు.

పిచ్చుక

---

కార్మిక శాఖ క్వార్టర్సు,
అక్టోబరు

వదినా,

పిచ్చుక నాకు రాసింది. దాన్ని ఏమీ అనకు. అంటే నేను ఆ ఇంటి గడప తొక్కను.

ఉత్తరం చదివి ఆఫీసుకి వెళ్లాను, బల్ల దగ్గర కూర్చోలేకపోయాను. నేను హెచ్చరించకపోతే నువ్వు దాన్ని అక్కడ దాచేదానివి కాదు. తనిఖీ వాళ్లకి కనిపించేది, గొడవయ్యేది, బడికి వెళ్లేది. ఎవరో తెలియని పిల్ల విషయంలో అయితే ఆ మాట నా నోటినుంచి వచ్చేది కాదు. మన పిల్ల కాబట్టి చెప్పాను. చెప్పి, దాన్ని కాలే రేకుల కింద పడుకోబెట్టాను.

మా పై అధికారి గదిలోకి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, "ఈ మాట ఎవరూ అడగలేదు కదమ్మా, ఎందుకు చెబుతున్నారు?" అన్నాడు. "అడిగేదాకా ఉండలేనండీ" అన్నాను. సంజాయిషీ రాసిచ్చాను. ఏం చేస్తారో తెలియదు.

మీ దగ్గరికి మళ్లీ వస్తారు. ఎప్పుడో నాకు తెలుసు. చెప్పను.

అన్నయ్యకి ఈ సంగతి తెలుసా? తెలిసే టీ పోయించి చరిత్ర చెప్పాడా? అడిగి రాయి.

మరదలు

---

నాటకశాల వెనక వీధి,
నవంబరు

అమ్మాయీ,

చాలాసార్లు మొదలుపెట్టాను ఈ ఉత్తరం.

మీ అన్నయ్యకు తెలియదు. జీపు ఆగగానే ఆయన గేటు దగ్గరికి ఎదురెళ్లాడు, పిల్లను నేను వెనక దారిన బడికి పంపేశాననుకున్నాడు. చెప్పాక నాతో మాట్లాడడం మానేశాడు. పని గురించి కూడా మాట్లాడలేదు, అన్నం దగ్గర గ్లాసు జరిపి నీళ్లు అడిగేవాడు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఎండ బాగా ఎక్కాక కూలీలను భోజనానికి పంపి నేను ఆ అటకలోకి ఎక్కాను. చెక్క మూసుకున్నాను. పిచ్చుక ఉన్నంతసేపు ఉందామనుకున్నాను. ఉండలేకపోయాను. కాసేపటికే చెక్క తన్నేసి బయటపడ్డాను.  ఇంతకాలం నీతో విద్య, విద్య అని వాదించాను. విద్య నేర్పేవాళ్లు శిష్యుల్ని దాచిపెట్టరు కదా. దాచాల్సి వచ్చిందంటే అది ఏమిటో నాకు ముందే తెలుసన్నమాట.

ఆర్కిటెక్టమ్మకి చెప్పాను. ఆమె తెల్లబోయింది. పిల్ల అప్పుడప్పుడు వచ్చి ఆడుకుంటోందనుకుందట. అలా అనుకోవడం ఆమెకీ హాయిగానే ఉన్నట్టుంది, నాకులాగే. సంఘం పెద్ద మాత్రం, "గడువు దగ్గర పడుతోందమ్మా, తెరిచాక చూసుకుందాం" అన్నాడు. నేను ఆగలేదు. నడిచి మీ శాఖ ఆఫీసుకి వెళ్లి, పిల్లచేత పని చేయించానని నేనే రాసిచ్చాను. మళ్లీ తనిఖీ వచ్చేసరికి వాళ్ల చేతిలో నా కాగితమే ఉంది. పని ఆపించారు. కొన్ని వారాలు నాటకశాలకి సీలు. కార్ల మేడ వాళ్లు గేటు దగ్గరికొచ్చి కొలతలు తీసుకెళ్లారు. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను, పొయ్యి మీద పెట్టినవన్నీ మాడ్చాను.

పిచ్చుక బడికి వెళ్తోంది. దాని దగ్గర కూర్చుని అడిగాను, నువ్వు అడగమన్నట్టే. "ఇక చెయ్యను" అంది.

"ఎప్పటికీనా?"

"తెలీదు. ఇప్పుడు కాదు."

"కోపమా నా మీద?"

"ఊఁ" అని పుస్తకం తెరుచుకుంది.

సీలు తీశాక ముగ్గురు పెద్దవాళ్లను తీసుకున్నాను. బేకరీలో కేకుల మీద క్రీము పూలు వేసే ఆవిడ, పని మానేసిన ఒక దర్జీ, నాటకశాలలోనే ఒకప్పుడు తెర లాగిన ముసలాయన. వాళ్ల ఆకులు చెవుల్లా ఉన్నాయి. మీ అన్నయ్య మొదటి రోజు తల పట్టుకున్నాడు, రెండో రోజు మళ్లీ అరవడం మొదలుపెట్టాడు. అప్పుడే నాతో కూడా మాట్లాడాడు, "గార పలచన చేశావు" అని. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

సంఘంలో ఒకరు పిచ్చుక చేసిన ఆకులన్నీ గీకేయాలన్నారు, చెడ్డపేరు వస్తుందని. నేను పిచ్చుకనే అడగమన్నాను. అది బడి సంచీతోనే వచ్చి నిలబడి, "ఉంచండి. ఎవరు చేశారని అడిగితే మాత్రం నిజం చెప్పండి" అంది.

జనవరికి మొత్తం పూర్తి కాదు. మిగిలిన మేర సాదా పూత పూసి వదిలేద్దామని ఆర్కిటెక్టమ్మే అంది. "చేసేవాళ్లు లేని చోట ఖాళీ కనబడాలి" అంది. భద్రంగా ఉంటే చాలు, కోర్టు అడిగింది అదే.

నన్ను క్షమించమని నిన్ను అడగను. అడగాల్సింది వేరొకరిని, అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

మీ వదిన

---

రికార్డుల గది, కొత్త ఊరు,
డిసెంబరు

వదినా,

నన్ను బదిలీ చేశారు. ఫైళ్లు సర్దే పని. ఇక తనిఖీలకు వెళ్లనివ్వరు. కిటికీలోంచి ఒక గోడ కనిపిస్తుంది, అంతే. దిగులు పడకు, ఇది నేను కోరి తెచ్చుకున్నదే.

నేను గెలిచానని నువ్వు అనుకుంటుంటే, నాకు అలా అనిపించడం లేదు. బదిలీకి ముందు ఆ అద్దకం పాక పిల్లల తల్లి ఆఫీసుకి వచ్చింది. గొడవకి రాలేదు. పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారని చెప్పడానికే వచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మరి మా పని ఎప్పుడు నేర్పమంటారమ్మా?" అని అడిగింది. పద్నాలుగు నిండాక, బడి అయ్యాక, ప్రమాదం లేని చోట, అని మొదలుపెట్టాను. ఆవిడ తలూపుతూ విని, "అప్పటికి వాళ్లకి మనసుంటుందా?" అంది.  ఆ ప్రశ్న నాతోపాటు ఈ ఊరికీ వచ్చింది. మెట్లెక్కుతుంటే కూడా వినిపిస్తోంది.

ఒక్కటి మాత్రం ఖాయం. పిల్లకి "ఇప్పుడు కాదు" అనే మాట మిగిల్చాలి. ఆ తర్వాత అది "సరే" అన్నా, "వద్దు" అన్నా దానిదే. ఆ "వద్దు"తో కొన్ని కప్పులు ఖాళీగా ఉండిపోతాయి. ఉండనిద్దాం అని రాయబోతే నాకే చెయ్యి ఆడలేదు చూడు. నాన్న చేసిన కప్పులు గుర్తొచ్చాయి.

తెరిచే రోజుకి రాలేను. సెలవు ఇవ్వరు. అన్నీ రాయి. పిచ్చుక కోపం తగ్గిందా?

నీ మరదలు

---

నాటకశాల వెనక వీధి,
జనవరి

అమ్మాయీ,

నిన్న తెరిచారు.

గడువు ముగియడానికి ముందే ఇంజనీర్లు వచ్చి కప్పంతా తట్టి చూసి సంతకం పెట్టారు. పెద్దవాళ్లు మాట్లాడారు, చాలాసేపు మాట్లాడారు. ఒకాయన పాత కాలపు అజ్ఞాత శిల్పులకు జోహార్లు అన్నాడు. ఆర్కిటెక్టమ్మ లేచి, వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారని, వాళ్ల వేళ్ల గుర్తులు చూశామని చెప్పింది. ఆ తర్వాత, "ఈసారి కూడా ఒక పాప చేసింది. అలా జరగకుండా ఉండాల్సింది" అంది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకపోవడమే బాగుందనిపించింది. నేను తల దించుకుని కూర్చున్నాను, దీపాలు ఆరేదాకా.

తర్వాత నాటకం. మీ అన్నయ్య ముందు వరసలో, ఆ ముగ్గురు శిష్యుల మధ్య. బేకరీ ఆవిడ కొత్త చీర కట్టుకుని వచ్చింది, తను చేసిన చెవుల కిందే కూర్చుంటానని కుర్చీ మార్పించుకుంది.

నేనూ పిచ్చుకా వెనక. రాదేమో అనుకున్నాను. బడి నుంచి నేరుగా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. నాతో ఇంకా పొడి పొడిగానే మాట్లాడుతోంది, అన్నం పెట్టు, తాళం ఇవ్వు, అంతవరకే.

నాటకం ఏమిటో నాకు తెలియదు. వేదిక వెలుగు కప్పు మీద పడి ఆకులు కదిలినట్టుంది. పాతవి, దానివి, నావి, చెవులు, ఆ తర్వాత ఖాళీ తెలుపు. ఎక్కడ బీట కనిపిస్తుందో, ఏ మొగ్గ ఊడుతుందో అని చూస్తూనే ఉన్నాను. అక్కడ గార సరిగ్గా పట్టిందా, ఇక్కడ తడి ఉండిపోయిందా అని ఒకటే వెతుకులాట. మెడ నొప్పెట్టినా దించలేదు.

పిచ్చుక ఒక్కసారి కూడా పైకి చూడలేదు. వేదిక మీద ఎవడో లావుపాటి వేషగాడు టోపీ పోగొట్టుకుని వెతుక్కుంటుంటే పడీ పడీ నవ్వింది. అది అలా నవ్వి ఎన్నాళ్లయిందో. నవ్వుతూనే నా వైపు తిరిగింది, నేను చూడడం లేదని కనిపెట్టినట్టుంది. చల్లటి చెయ్యి నా గడ్డం కింద పెట్టి, తల మెల్లిగా కిందికి తిప్పింది.

"అమ్మా, ఆట అక్కడ కాదు. ఇటు చూడు" అంది.

మీ వదిన